మా పల్లెల్లోకి ప్లీడర్లొచ్చిన చరిత్ర

మా మాదిగపల్లెలో ప్లీడరు అనే మాటకి చాలాకాలం మంచి అర్థం లేదు. ప్లీడరంటే కామందు మనిషి. మా తాత ఆసామి దగ్గర వంద రూపాయలకి వేలిముద్ర వేస్తే, ఆ వంద ఎంతయిందో చెప్పేవాడు ప్లీడరు. డిక్రీ తెచ్చేది ప్లీడరు. ఆ కాగితం పట్టుకుని అమీను వస్తే పాడిగొడ్డు పోయేది, గొడ్డు లేనోడికి ఇంటి దూలం పోయేది. మా పెద్దోళ్లు పోలీసోడి కంటే ప్లీడరుకి ఎక్కువ భయపడేవాళ్లు. పోలీసోడు కొడితే నాలుగు రోజులకి మానిపోద్ది. ప్లీడరు రాసిన కాగితం మూడు తరాలు మానదు.

'కోర్టుకెక్కినోళ్లలో గెలిచినోడు ఓడినట్టు, ఓడినోడు చచ్చినట్టు' అని సామెత. ఈ సామెత భూమి ఉన్నోళ్లది. ఆస్తి తగాదాలు పడి అలిసిపోయినోళ్లు చెప్పుకున్నది. మేం గెలిచి ఓడాలన్నా ముందు కోర్టు గడప తొక్కాలి గదా! మా తాతల కాలంలో మేం కోర్టుకి వెళ్లింది ముద్దాయిలుగా. లేదంటే కామందు తరఫున దొంగసాక్ష్యం చెప్పడానికి. వాదిగా వెళ్లిన మాదిగ మా చుట్టుపక్కల ఏడూళ్లలో లేడు.

అట్టాంటి పల్లెలో పుట్టి నేను 1994లో నల్లకోటు వేసుకున్నాను. మా పల్లెలో కోటు వేసిన మొదటి మనిషిని, ఆడమనిషిని. ఒక మాదిగ పిల్లకి లా చదవాలన్న ఆలోచన ఆకాశం నుంచి ఊడిపడదు. ఎవరో ఆ దారిలో ముళ్లు తీసి ఉండాలి. అట్టా తీసినవాళ్ల గురించి ఈ నాలుగు మాటలు రాస్తున్నాను. వాళ్ల పేర్లు మనకి తెలుసు. వాళ్లు పనిచేసిన తీరు మాత్రం మన పిల్లలకి తెలియాల్సినంత తెలియదు.

అందరికంటే ముందు అంబేద్కరు. వేలు చూపిస్తూ నిలబడ్డ అంబేద్కరు విగ్రహం మనకి తెలుసు. ఆ విగ్రహం చంకలో ఉన్నది రాజ్యాంగం. కానీ రాజ్యాంగానికి పాతికేళ్ల ముందు కేసుల కోసం ఎదురుచూసిన జూనియర్ ప్లీడరు అంబేద్కర్ని మనం ఎప్పుడైనా తలుచుకున్నామా? లండన్ గ్రేస్ ఇన్‌లో బారిస్టరు చదివి వచ్చి, 1923లో బొంబాయి హైకోర్టులో ప్రాక్టీసు మొదలుపెట్టాడు. సన్నదు కట్టడానికి డబ్బుల్లేక పార్శీ స్నేహితుడు నావల్ భథేనా దగ్గర తీసుకున్నాడు. అమెరికాలోనూ లండన్‌లోనూ పెద్ద పట్టాలు పుచ్చుకొచ్చిన మనిషికి బొంబాయి సొలిసిటర్లు కేసులివ్వలేదు. అంటరానోడికి కాగితం అందిస్తే ఎక్కడ మైలపడతామోనని! ఇల్లు గడవడానికి ఒక అకౌంటెన్సీ సంస్థలో పాఠాలు చెప్పుకున్నాడు. వచ్చిన కేసులు కూడా పేదోళ్లవే, కూలీలవే, బయటి జిల్లాల నుంచి వచ్చిన అప్పీళ్లే.

ఈ సంగతి చదివినప్పుడు నాకు ధైర్యం వచ్చింది. మొదటి మూడేళ్లు నాకూ కేసుల్లేవు. టేబుల్ ముందు ఖాళీ కుర్చీ చూసి ఏడుపొచ్చిన రోజులున్నాయి. అంబేద్కరు ముందు కూడా కుర్చీ ఖాళీగానే ఉండేదని తెలిసినాక, తప్పు నాలో లేదని, ఆ కుర్చీకి కూడా కులం ఉందని అర్థమైంది.

ఆయన వకీలుతనంలో నేను పదేపదే చదువుకునేది మహద్ చెరువు కేసు. 1927 మార్చి 20న మహద్‌లో చౌదార్ చెరువు నీళ్లు తాగారని మనవాళ్లు పాటలు కట్టి పాడతారు. ఆ పాటలు ఆగిపోయిన చోట కేసు మొదలవుతుంది. బొంబాయి శాసనమండలి 1923లోనే ప్రభుత్వ బావులు, చెరువులు అందరివీ అని తీర్మానం చేసింది. మహద్ మునిసిపాలిటీ 1924లో తన చెరువునీ తెరిచింది. తీర్మానాలు కాగితం మీద ఉన్నంతకాలం ఎవడికీ నొప్పి పుట్టలేదు. దళితులు వెళ్లి దోసిలి పట్టేసరికి పుట్టింది. కర్రలతో కొట్టారు. మునిసిపాలిటీ 1927 ఆగస్టులో తన తీర్మానాన్ని తనే రద్దు చేసుకుంది. డిసెంబరులో మళ్లీ సత్యాగ్రహం చేస్తామని అంబేద్కరు ప్రకటించాడు. ఇంతలో సవర్ణ హిందువులు సివిల్ కోర్టుకి వెళ్లి ఈ చెరువు మా సొంతం అన్నారు. డిసెంబరు 14న తాత్కాలిక ఇంజంక్షన్ తెచ్చారు.

ఇక్కడ ఆగి ఆలోచించండి. వేలమంది జనం ఊళ్లకి ఊళ్లు నడిచి మహద్ వచ్చారు. జైలుకెళ్లడానికి సిద్ధంగా ఉన్నారు. నాయకుడేమో ప్లీడరు. కోర్టు ఉత్తర్వు చేతికొచ్చింది. జనం ముందుకి పోదామంటున్నారు. ఏం చెయ్యాలి? ఆయన చెరువు దగ్గరికి పోవడం వాయిదా వేశాడు. డిసెంబరు 25న మనుస్మృతిని తగలబెట్టించాడు. చెరువు సంగతి కోర్టులో తేల్చుకుంటానన్నాడు. ఒక చట్టాన్ని కాల్చిన రోజుల్లోనే ఇంకో చట్టానికి కట్టుబడ్డాడు. రెండింటికీ తేడా తెలిసినోడు కాబట్టి చేశాడు. మనువు చట్టంలో మనకి వాదించే హక్కే లేదు. సివిల్ కోర్టులో ఎంత అన్యాయం జరిగినా ప్రతివాదిగా నిలబడి జవాబు దాఖలు చేసుకోవచ్చు. ఆ సందు చాలనుకున్నాడు.

ఆ సందులో పదేళ్లు నిలబడ్డాడు. 1931 జూన్‌లో దావా కొట్టేశారు. అవతలివాళ్లు అప్పీలుకెళ్లారు, అక్కడా ఓడారు. మళ్లీ హైకోర్టుకెళ్లారు. 1937 మార్చి 17న జస్టిస్ బ్రూమ్‌ఫీల్డ్ తీర్పు చెప్పాడు. అంటరానివాళ్లని చెరువుకి రానివ్వకపోవడం అనాదిగా వస్తున్న ఆచారమని వాదులు రుజువు చెయ్యలేకపోయారన్నాడు. సంగతేమిటో చూడండి. ఆచారం ఆచారం అని వెయ్యేళ్లుగా మన నెత్తిన కొట్టినవాళ్లని, ఏదీ నీ ఆచారానికి సాక్ష్యం చూపించు అని ఒక కోర్టు అడిగింది. చూపించలేకపోయారు.

తర్వాత ఆ చెరువు రాజ్యాంగంలోకి నడిచింది. పదిహేనో అధికరణం రెండో భాగం తీసి చదవండి. బావులు, చెరువులు, స్నానఘట్టాలు, రోడ్లు అని రాసి ఉంటుంది. ఒక దేశ రాజ్యాంగంలో బావి, చెరువు అనే మాటలెందుకు? పదేళ్లు చెరువు కేసు నడిపిన మనిషి ఆ రాత దగ్గర కూర్చున్నాడు గనక! నేను చదివిన లా కాలేజీలో ఆ అధికరణం చెప్పారు. మహద్ కేసు మాత్రం ఒక్క పంతులూ చెప్పలేదు. కాంట్రాక్టుల పాఠంలో ఇంగ్లండు వ్యాపారుల కేసులు యాభై బట్టీ పెట్టించారు. మన నీళ్ల కేసు ఒక్కటి చెప్పడానికి నోరు రాలేదు.

రాజ్యాంగం వచ్చిన ముప్పై అయిదేళ్లకి మళ్లీ చెరువు. ఈసారి మా జిల్లాలోనే. ప్రకాశం జిల్లా కారంచేడు. 1985 జూలై 16న మాదిగలు తాగే చెరువు దగ్గర కమ్మ కుర్రాళ్లు గేదెల బకెట్లు కడిగి నీళ్లు పాడుచేస్తుంటే, ఇదేందయ్యా అని అడిగారు మనవాళ్లు. అడిగినోణ్ణి కొట్టారు. నీళ్లకొచ్చిన మున్నంగి సువార్త బిందె ఎత్తి ఎదురు నిలబడింది. మర్నాడు 17న వందలమంది పల్లె మీద పడ్డారు. ఆరుగుర్ని చంపారు. ఆడవాళ్లని చెరిచారు. బతికినోళ్లు చీరాలకి పరిగెత్తారు.

నాకప్పుడు పదిహేనేళ్లు. సాంఘిక సంక్షేమ హాస్టల్లో ఉన్నా. ఆ వారం హాస్టల్లో ఎవరూ సరిగా అన్నం తినలేదు. పెద్దక్కలు పేపరు పైకి చదువుతుంటే చుట్టూ కూర్చుని వినేవాళ్లం. ఆ పేపర్లోనే మొదటిసారి విన్నాను బొజ్జా తారకం అనే పేరు. ఆయన హైకోర్టులో ప్రభుత్వ ప్లీడరు. ఆ ఉద్యోగానికి రాజీనామా ఇచ్చి కారంచేడు బాధితుల వైపు వచ్చేశాడని అందులో ఉంది. ప్లీడరంటే కామందు మనిషి అని పెరిగిన పిల్లని నేను. గవర్నమెంటు ప్లీడరు పదవి వదులుకుని మాదిగల కోసం వచ్చాడంటే నమ్మలేదు. 'ఆయన కూడా మనోడేనే' అంది పెద్దక్క. ఆ ఒక్క మాటతో నాకు ప్లీడరు అన్న మాటకి రెండో అర్థం పుట్టింది.

తారకం గారిది కోనసీమ. 1939లో కందికుప్పలో పుట్టాడు. తండ్రి బొజ్జా అప్పలస్వామి గారు దళితుల నాయకుడు, శాసనసభ్యుడు. తారకం గారు నిజామాబాదులో ప్రాక్టీసు పెట్టి, అక్కడ అంబేద్కర్ యువజన సంఘం కట్టి, కూలీల్నీ పాలేర్లనీ కూడగట్టాడు. ఎమర్జెన్సీలో జైలుకెళ్లాడు. అంటే 1985 రాజీనామా హఠాత్తుగా వచ్చిన ఆవేశం కాదు. దాని వెనక పదిహేనేళ్ల పని ఉంది. ఆ ఏడే పుట్టిన దళిత మహాసభకి ఆయన అధ్యక్షుడు, కత్తి పద్మారావు గారు ప్రధాన కార్యదర్శి. చీరాల శిబిరంలో కాలేసిన ప్రతివాళ్లకీ తెలుసు, ఆ ఉద్యమం ఒక చేత్తో జెండా, ఇంకో చేత్తో అర్జీ పట్టుకుని నడిచిందని. దేశంలో అత్యాచారాల నిరోధక చట్టం 1989లో వచ్చిందంటే, అందులో కారంచేడు రక్తం ఉంది.

మరి ఆ కేసు ఏమైంది? 1994లో కింది కోర్టు అయిదుగురికి యావజ్జీవం వేసింది. 1998లో హైకోర్టు ఆ శిక్షలు కొట్టేసింది. 2008 డిసెంబరులో సుప్రీంకోర్టు ఒకడికి యావజ్జీవం, ఇరవై తొమ్మిది మందికి మూడేళ్లు వేసింది. ఇరవై మూడేళ్లు! ఈ నడుమ ముఖ్య సాక్షి దుడ్డు అలీసమ్మని చంపేశారు. మన ఆదర్శ న్యాయవాదుల జాబితా రాసేటప్పుడు ఆ తల్లి పేరు కూడా రాయాలంటాను నేను. ఎల్‌ఎల్‌బీ లేకపోతేనేం, ప్రాణం పోతుందని తెలిసి కూడా చూసింది చూసినట్టు చెప్పడానికి నిలబడింది. సాక్షి నిలబడకపోతే ఎంత గొప్ప ప్లీడరైనా చేసేదేముంది? ముప్పై ఏళ్ల ప్రాక్టీసులో నేను నేర్చుకున్న మొదటి పాఠం అదే.

తారకం గారి దగ్గర నేను జూనియర్‌గా చెయ్యలేదు. సభల్లో దూరంనుంచి విన్నాను, రెండుసార్లు మాట్లాడాను. అయినా ఆయన్ని నా సీనియర్ అనే చెప్పుకుంటాను. ఎందుకంటే ఆయన రాసిన 'పోలీసులు అరెస్టు చేస్తే' అనే పుస్తకం మా ఇంట్లో ఉండేది. నేను లా చదివేటప్పుడు కొనుక్కున్నా. అది నాకంటే మా నాయనకి ఎక్కువ పనికొచ్చింది. ఆయనకి చదువు రాదు. శెలవులకి ఇంటికొచ్చినప్పుడు రాత్రిళ్లు బుడ్డిదీపం దగ్గర చదివి వినిపించేదాన్ని. అరెస్టు ఎందుకు చేస్తున్నారో చెప్పాలి, ఇరవై నాలుగు గంటల్లో మేజిస్ట్రేటు ముందు పెట్టాలి, ఇట్టాంటివన్నీ కూలోడికి అర్థమయ్యే తెలుగులో ఉన్నాయి. 'ఇయ్యన్నీ నిజంగా రాసిపెట్టారంటే అమ్మాయ్?' అని అడిగేవాడు. నిజమే నాయనా అంటే, 'మరి ఇన్నేళ్లు మాకెవురూ చెప్పలేదే' అనేవాడు.

ఒకసారి మా నాయన్ని మోటారు దొంగతనమని స్టేషనుకి తీసుకెళ్లారు. అంతకుముందైతే చేతులు కట్టుకుని నిలబడి, వాళ్లు కొట్టినంతసేపు కొట్టించుకుని వచ్చేవాడు. ఆ రోజు అట్టా జరగలేదు. 'అయ్యా, నన్ను ఎందుకు తెచ్చారో చెప్పండి. రేపు ఈ పాటికి కోర్టులో పెట్టాలి గదా' అన్నాడంట. రైటరు బిత్తరపోయి, 'నీకెవడు చెప్పాడ్రా?' అన్నాడంట. 'తారకం గారు చెప్పాడు' అన్నాడు మా నాయన. సాయంత్రానికి వదిలిపెట్టారు. మా నాయన తారకం గార్ని జన్మలో చూడలేదు. చట్టాన్ని ఇంగ్లీషు బీరువాలోంచి తీసి మా బుడ్డిదీపం కింద పెట్టాడు ఆయన. దానికి మించిన వకాలత్ ఏముంటుంది?

1991 ఆగస్టు 6న గుంటూరు జిల్లా చుండూరు. సినిమాహాల్లో కాలు తగిలిందన్న గొడవ చివరికి ఎనిమిది మంది దళితుల ప్రాణాలు తీసింది. శవాల్ని గోతాల్లో కుక్కి కాలవలో పడేశారు. నేనప్పుడు లా విద్యార్థిని. స్నేహితులతో కలిసి తెనాలి శిబిరానికి వెళ్లాను. అక్కడ నాకు అప్పజెప్పిన పని అర్జీలు రాయడం. తప్పిపోయినవాళ్ల వివరాలు, పోయిన సామాన్ల వివరాలు, రావాల్సిన బియ్యం, చీరలు. ఒక పెద్దమ్మ నా పక్కన కూర్చుని, 'నా కొడుకు చొక్కా రంగు కూడా రాయమ్మా' అని మూడుసార్లు చెప్పింది. నీలం గళ్ల చొక్కా. రాశాను. సాక్ష్యం అంటే ఏమిటో నాకు కాలేజీలో అర్థం కాలేదు, ఆ నీలం గళ్ల దగ్గర అర్థమైంది.

చుండూరు వాళ్లు రెండు కోరికల మీద పట్టుబట్టారు. విచారణ మా ఊళ్లోనే జరగాలి. మేం నమ్మిన ప్లీడరే మా తరఫున వాదించాలి. ఈ రెండో కోరికకి చట్టంలో తావుంది. 1995 నియమాల్లో నాలుగోది చూడండి. బాధితులు కోరితే పేరున్న సీనియర్ న్యాయవాదిని పెట్టుకోవచ్చు. అట్టా వచ్చినవాడే పౌరహక్కుల ఉద్యమంలో పనిచేసిన గుంటూరు న్యాయవాది బి. చంద్రశేఖర్ గారు. స్పెషల్ పబ్లిక్ ప్రాసిక్యూటర్ అయ్యాడు. నేరం జరిగిన ఊళ్లోనే ప్రత్యేక కోర్టు పెట్టడం దేశంలో అదే మొదలు. 2004లో విచారణ మొదలై 2007 జూలై 31న తీర్పొచ్చింది. ఇరవై ఒక్క మందికి యావజ్జీవం, ముప్పై అయిదు మందికి ఏడాది కఠిన శిక్ష.

కోర్టు ఊళ్లోకొస్తే ఏమవుతుందని అడిగేవాళ్లుంటారు. పట్నంలో కోర్టయితే సాక్షి కూలి మానుకోవాలి, బస్సు ఛార్జీ పెట్టుకోవాలి, తెలియని వరండాలో ముద్దాయిల పక్కనే నిలబడాలి. వాయిదా పడిందని తిరిగి రావాలి. నాలుగు వాయిదాలయ్యేసరికి, 'పోనీలే అమ్మా, పోయినోళ్లు ఎట్టాగూ రారు' అనేస్తాడు. మన కేసులు సగం తీర్పులో ఓడిపోవు, బస్టాండులో ఓడిపోతాయి. చుండూరు జనం ఆ సంగతి పసిగట్టి, కోర్టునే నడిపించుకొచ్చారు. ఈ తెలివి ఏ లా కాలేజీ నేర్పింది కాదు.

నేను కోటేసుకున్నాక చేరిన మొదటి ఆఫీసు ఒక పెద్ద సీనియర్‌ది. ఇంటి వరండాలోనే ఆఫీసు. పదింటికి లోపలనుంచి కాఫీలొచ్చేవి. మిగిలిన జూనియర్లకి స్టీలు గ్లాసులు, నాకు గాజు గ్లాసు. మొదటి రోజు గౌరవం అనుకున్నా. గాజు గ్లాసు విడిగా కిటికీలో బోర్లించి ఉండటం చూశాక తెలిసింది. ఎవరూ ఏమీ అనలేదు. ఆ సీనియర్ సభల్లో అంబేద్కర్ మీద గంటసేపు మాట్లాడేవాడు! నెలరోజులు కాఫీ తాగకుండా పని నేర్చుకున్నా, తర్వాత బయటికొచ్చేశా.

ఆ నెల్లోనే ఆ ఆఫీసు బీరువాలో 1993 ఏఐఆర్ సంపుటం తిరగేస్తుంటే అప్పా బాలు ఇంగలే కేసు కనపడింది. కర్ణాటకలో కొత్తగా వేసిన బోరుబావి దగ్గర నీళ్లు పట్టుకోనివ్వకుండా దళితుల్ని తుపాకి చూపించి ఆపారు. హైకోర్టు ముద్దాయిల్ని వదిలేసింది. సుప్రీంకోర్టు 1992 డిసెంబరులో ఆ తీర్పుని తిరగదోడి శిక్ష నిలబెట్టింది. ఇద్దరు న్యాయమూర్తుల్లో ఒకరు జస్టిస్ కె. రామస్వామి. భీమవరం వైపు దళిత కుటుంబంలో పుట్టి సుప్రీంకోర్టు దాకా వెళ్లిన మనిషి. అంటరానితనం గురించి ఆయన విడిగా, పొడుగ్గా తీర్పు రాశాడు. మన బతుకు తెలిసినోడు కుర్చీలో ఉంటే తీర్పు ఎట్టా ఉంటుందో అందులో చూశాను. 1997లో గిరిజనుల భూములు గనుల కంపెనీలకి ఇవ్వకూడదన్న సమత తీర్పు రాసిందీ ఆయనే. కిటికీలో నా గాజు గ్లాసు, చేతిలో బోరుబావి తీర్పు. చెరువు నుంచి బోరుబావికి, బోరుబావి నుంచి గ్లాసుకి వచ్చింది అంటరానితనం. అది చోటు మార్చుకున్నప్పుడల్లా దాని వెంట మన ప్లీడరూ వెళ్లాలని ఆ రోజు తీర్మానించుకున్నా.

అప్పట్నుంచి నేను చేస్తున్నవి ఎక్కువగా అట్రాసిటీ కేసులే. అవి ఎట్టా చంపబడతాయో చెప్తాను, విద్యార్థులు గుర్తుపెట్టుకోండి. ముందు ఫిర్యాదు తీసుకోరు. తీసుకున్నా కులం పేరు రాయరు. మర్నాటికి అవతలివాళ్లతో మన మీద ఎదురుకేసు పెట్టిస్తారు. డీఎస్పీ స్థాయికి తగ్గని అధికారి దర్యాప్తు చెయ్యాలని ఏడో నియమం చెబుతుంటే, కిందివాడు రాసి పైవాడు సంతకం పెడతాడు. రేపు కోర్టులో డిఫెన్సువాళ్లు దాన్నే పట్టుకుంటారు. కుల ధ్రువపత్రం దాఖలు కాలేదంటారు. తిట్టింది నలుగురికీ కనపడే చోట కాదంటారు. ఇవన్నీ దాటినా చివర్లో పెద్దమనుషులొస్తారు. 'ఒకే ఊళ్లో బతకాల్సినోళ్లు' అంటారు. రాజీ! ఊళ్లో పని ఆపేస్తామన్న బెదిరింపు ఆ మాట వెనకే ఉంటుంది. సాక్షి బోనెక్కి నాకేం తెలియదంటాడు. వాణ్ణి తిట్టొద్దు. వాడి పొయ్యిలో పిల్లి పడుకుంటే మనం వెళ్లి అన్నం వండిపెట్టామా?

అందుకే తారకం గారి పద్ధతి పాటిస్తాను. కేసు రాగానే ముందు పల్లెకి వెళ్తాను. అరుగు మీద కూర్చుని, ఫిర్యాదు ఇచ్చినోడికి ఎఫ్‌ఐఆర్ నకలు ఊరికే ఇవ్వాలని చెప్తాను. 2024 జూలై 1 నుంచి పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ పోయి కొత్త సంహిత వచ్చింది. 154 సెక్షన్ కాస్తా 173 అయింది. నంబరు మారింది, నకలు హక్కు పోలేదు. 2015 సవరణతో చేరిన 15ఏ సెక్షన్ గురించి చెప్తాను. ముద్దాయికి బెయిలిచ్చేముందు బాధితుడి మాట కూడా వినాలని అందులో ఉంది. మన ఆడవాళ్లు ఈ నంబర్లు భలే గుర్తుపెట్టుకుంటారు. ఒక చెల్లెలు స్టేషన్లో 'పదిహేను ఏ' అంటే ఎస్సై గారు పుస్తకం వెతుక్కున్నాడు.

మన ఉద్యమంలో ఒక ప్రశ్న ఎప్పుడూ ఉంది. దళితుల కేసులు దళితులే వాదించాలా? కన్నబిరాన్ గారు మనవాడు కాదు, బాలగోపాల్ గారు మనవాడు కాదు. కన్నబిరాన్ గారు ఏళ్ల తరబడి రాష్ట్ర పౌరహక్కుల సంఘాన్ని నడిపి, తర్వాత పీయూసీఎల్ జాతీయ అధ్యక్షుడయ్యాడు. ఆయన కోర్టుకొస్తే పోలీసు అధికారులు కాగితాలు సర్దుకునేవాళ్లు. బాలగోపాల్ గారు లెక్కల ప్రొఫెసరు. ఆ ఉద్యోగం వదిలేసి, నలభై దాటాక ప్లీడరై, బస్సుల్లో తిరుగుతూ పేదల కేసులు వాదించాడు. 2009లో పోయాడు, కన్నబిరాన్ గారు 2010లో. వాళ్ల దగ్గర నేర్చుకోవడానికి నాకు నామోషీ లేదు. కానీ ఒక తేడా చెప్పాలి. వాళ్లు అన్యాయాన్ని చూసి వచ్చారు. తారకం గారు అన్యాయంలోంచి వచ్చాడు. మా పల్లె పిల్ల కన్నబిరాన్ గార్ని చూస్తే దండం పెడుతుంది, తారకం గార్ని చూస్తే 'నేనూ అవుతా' అంటుంది. మనకి ఇద్దరూ కావాలి. నల్లకోటు ఆశ పుట్టించేది మాత్రం రెండోదే.

పైన కూర్చున్నవాళ్ల లెక్క చూసుకుందాం. సుప్రీంకోర్టులో మొదటి దళిత న్యాయమూర్తి జస్టిస్ వరదరాజన్, 1980లో వచ్చాడు. రాజ్యాంగం వచ్చిన ముప్పై ఏళ్లకి! మొదటి దళిత ప్రధాన న్యాయమూర్తి జస్టిస్ బాలకృష్ణన్ 2007లో. ఆ తర్వాత జస్టిస్ గవాయ్ 2025 మేలో, ఆర్నెల్ల పాటు. మన పిల్లలు ఆ ఫొటోలు పెట్టుకుని పండగ చేసుకున్నారు, నేనూ చేసుకున్నా. అయితే కుర్చీ ఒక్కటే చాలదు. మునసబు కోర్టు వరండాలో మన పిల్ల నిలబడితేనే ఆ కుర్చీకి దారి.

ఓడిపోయిన సంగతీ దాచకూడదు. చుండూరు తీర్పుని 2014 ఏప్రిల్ 22న హైకోర్టు కొట్టేసింది. హత్యలు ఎప్పుడు, ఎక్కడ, ఎవరి చేతుల్లో జరిగాయో ప్రాసిక్యూషన్ తేల్చలేకపోయిందంటూ అందర్నీ వదిలేసింది. ఇరవై మూడేళ్ల తర్వాత మళ్లీ సుప్రీంకోర్టు మెట్లెక్కాల్సొచ్చింది. చంద్రశేఖర్ గారు అప్పటికి లేడు. ఆ తీర్పు విన్న రోజు నాకు నీలం గళ్ల చొక్కా గుర్తొచ్చింది. నా జూనియర్ పిల్ల, 'మరెందుకు మేడం ఇంత కష్టం?' అని అడిగింది. నేనన్నాను: కోర్టు వాళ్లని వదిలేసింది. కానీ పదహారేళ్లు చుండూరు దళితులు రాజీ పడలేదు, ఊళ్లోనే కోర్టు పెట్టించి కళ్లలోకి చూసి సాక్ష్యం చెప్పారు. ఆ సాక్ష్యం కాగితాల్లో ఉంది, దాన్ని ఎవడూ కొట్టెయ్యలేడు. 2018 మార్చిలో సుప్రీంకోర్టు అట్రాసిటీ చట్టాన్ని నీరుగారిస్తే, ఏప్రిల్ 2న దేశమంతా దళితులు రోడ్డెక్కారు. ఆ ఆగస్టులోనే పార్లమెంటు చట్టాన్ని సవరించి పాత బలం తిరిగి ఇవ్వాల్సొచ్చింది. ఆ రోజు రోడ్డెక్కినవాళ్లకి సెక్షన్ 18 అంటే ఏమిటో తెలుసు. ఆ తెలివిడి కారంచేడు, చుండూరు శిబిరాల్లోంచి కూడా వచ్చింది.

2016 సెప్టెంబరు 16న తారకం గారు పోయారు. సంతాపసభల్లో గొప్ప గొప్ప మాటలన్నారు. ఆయన ఫొటో నా ఆఫీసులోనూ ఉంది, అంబేద్కర్ ఫొటో పక్కన. ఫొటోకి దండేస్తే వాడిపోతుంది. ఆయన చేసిన పనులు మూడు తీసుకోండి. పదవి అడ్డమైతే వదిలెయ్యడం. చట్టాన్ని మన భాషలో రాయడం. బాధితుడు మన దగ్గరికి వచ్చేదాకా ఆగకుండా మనమే వెళ్లడం. వీటికి ఇంగ్లీషు రావాలని లేదు, డబ్బుండాలని లేదు.

లా చదివే తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! మీ కాలేజీల్లో మహద్ కేసు చెప్పకపోతే మీరే చదివి మిగతావాళ్లకి చెప్పండి. కారంచేడు, చుండూరు తీర్పులు తెచ్చుకుని, ఏ సాక్ష్యం ఎక్కడ జారిందో పెన్సిలుతో గీసుకుని చదవండి. రేపు మీ దగ్గరికొచ్చే కేసులో ఆ జారిన చోట గట్టిగా పట్టుకోండి. సెలవులకి పల్లెకెళ్లినప్పుడు అరుగు మీద నలుగుర్ని కూర్చోబెట్టి ఒక్క సెక్షన్ తెలుగులో చెప్పండి. ముఖ్యంగా ఆడపిల్లలు కోటు వేసుకోండి. సువార్త బిందె ఎత్తింది, అలీసమ్మ సాక్ష్యం చెప్పింది. వాళ్ల తరఫున వకాలత్ వెయ్యాల్సిన చేతులు మనవి.

నా దగ్గర ఇప్పుడు ముగ్గురు జూనియర్లున్నారు. ఇద్దరు ఆడపిల్లలు, ఒకడు యానాది కుర్రాడు, వాళ్ల కుటుంబంలో బడికెళ్లిన మొదటివాడు. అందరం ఒకే కుండలో నీళ్లు, ఒకే రకం గ్లాసులతో తాగుతాం. ఆ కుర్రాడు మొన్న మొదటిసారి బెయిలు పిటిషన్ మీద వాదించాడు. గొంతు వణికింది గానీ మాట తప్పలేదు. జడ్జి గారు ఎవరి జూనియర్‌వి అని అడిగితే నా పేరు చెప్పాడు. బయటికొచ్చాక నేను వాడికి చెప్పాను: ఈసారి అడిగితే అంబేద్కరు జూనియర్‌ని, తారకం జూనియర్‌ని అని చెప్పరా, నేను మధ్యలో కాగితాలు మోసినదాన్ని.